రాతి మీద లేని పేరు

(ధ్యాన భాగం: 1 కొరింథీ 1:26–31)

మా ఊరి మందిరం గుమ్మానికి కుడి పక్కన గోడలో ఒక నల్లరాయి ఉంది. మందిర ప్రతిష్ఠ రోజున ప్రార్థన చేసి దాని మీది తెర తీశారు. దాని మీద పదకొండు పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిలో నా పేరు లేదు.

ఈ సంగతి ఇంత తేలికగా రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఇది ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అప్పట్లో నేను పక్క ఊరి బడిలో ఉపాధ్యాయుడిని. ఆదివారం ఉదయం మా సంఘంలో సండే స్కూలు నడిపేవాడిని. పాత రేకుల షెడ్డు తీసివేసి కొత్త మందిరం కట్టాలని సంఘం తీర్మానించినప్పుడు నా రెండు నెలల జీతం తెచ్చి ఇచ్చాను. అంతటితో ఆగలేదు. ఇటుకల బట్టీ చుట్టూ సైకిలు మీద తిరిగింది నేను. సిమెంటు కొట్టువాడితో మాట్లాడి బస్తాలు అప్పు ఇప్పించింది నేను. స్లాబు వేసిన రాత్రి మేస్త్రీలతో పాటు తెల్లవార్లూ మేలుకొన్నది నేను. ఇన్ని ‘నేను’లు వరుసగా రాస్తుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది గాని, ఆనాడు నా మనసులో ఉన్న లెక్కలు ఇవే.

సంఘ పెద్దలు ఏ లెక్కన ఆ పేర్లు చెక్కించారో నేను అడగలేదు. అడగకుండానే కోపం తెచ్చుకొన్నాను. నాకన్నా తక్కువ ఇచ్చినవారి పేర్లు అందులో కనబడ్డాయి. ఒక్క తట్ట ఇసుక కూడా మొయ్యనివారి పేరూ కనబడింది. ఆ రోజు ముగింపు ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు నన్నే పిలిచారు. నేను లేచి, కళ్ళు మూసుకొని, ఈ మందిరాన్ని బట్టి మహిమ అంతా దేవునికే కలగాలని చక్కగా ప్రార్థించాను. అందరూ ఆమేన్ అన్నారు. నా నోరు దేవునికి మహిమ ఇస్తున్నది. నా మనసు మాత్రం ఆ రాయి దగ్గర నిలబడి పేర్లు లెక్కపెడుతున్నది.

తర్వాతి ఆదివారం తలనొప్పి అన్నాను. ఆ పై ఆదివారం బంధువుల ఇంటికి వెళ్ళాను. సండే స్కూలు పిల్లలు ఇంటికి వచ్చి, ‘సార్, ఈ వారం కూడా రారా?’ అని అడిగితే పని ఉందన్నాను. ఇలా ఏడు ఆదివారాలు గడిచిపోయాయి.

మా అమ్మ చదువుకోలేదు. రేకుల షెడ్డు ఉన్న రోజుల నుంచీ శనివారం సాయంత్రం మందిరం ఊడ్చి, చాపలు దులిపి పరచి, కుండలో మంచినీళ్ళు నింపేది. ఆ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. కట్టుబడి జరిగినన్నాళ్ళూ మేస్త్రీలకూ కూలీలకూ బావి నుంచి నీళ్ళు మోసింది. ఏడవ ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అరుగు మీద కూర్చొని, నా వైపు చూడకుండానే అడిగింది: “ఏరా, నువ్విచ్చింది దేవుడికా, ఆ రాయికా?”

నేను జవాబు చెప్పలేదు. ఆమె జవాబు కోసం ఆగనూ లేదు. అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ప్రియ చదువరీ, మీ ఊరిలో అది రాయి కాకపోవచ్చు. వేదిక మీద కుర్చీ కావచ్చు. పండుగ ఫ్లెక్సీ మీద ఫోటో కావచ్చు. మీరు ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద రాయించిన పేరు కావచ్చు. మన పేరు ఉన్నంతసేపు మనం దీనులమే. అది లేనప్పుడే మనం నిజంగా ఎవరి మహిమ కోరామో బయటపడుతుంది.

కొండ మీద ఐదుగురు

ఆ రోజుల్లోనే మా యువకులను ఒంగోలులో జరిగే ఒక కూడికకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. ముందే మాట ఇచ్చినందువల్ల ఇష్టం లేకుండానే బయలుదేరాను. అక్కడ ఒక వృద్ధ పాస్టరుగారు మమ్మల్ని ప్రార్థన కొండ మీదికి తీసుకువెళ్ళి, ఆ కొండ సంగతి చెప్పారు. తర్వాత నేనే పుస్తకాలు వెదకి చదువుకొన్నాను. మనలో చాలామంది ఈ చరిత్ర విన్నవారే. అయినా ఆ రోజు నేను విన్నట్టు మీరూ ఒకసారి వినండి.

అమెరికా బాప్టిస్టు మిషనెరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వచ్చారు. 1840లో నెల్లూరులో పని ఆరంభించారు. ఏళ్ళు గడిచినా ఫలం బహు స్వల్పం. ఈ పని మూసివేస్తే మంచిదేమోనని 1853లో అమెరికాలో మిషను పెద్దలు ఆలోచించారు. పటం మీద మిగతా ప్రాంతాలలో అనేక మిషను కేంద్రాలు ఉండగా, తెలుగు దేశంలో ఒకే ఒక చుక్క ఉండేది. అప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి దానిని ఒంటరి నక్షత్రమని పిలుస్తూ ఒక పద్యం రాశారు. అప్పటి నుంచి మన తెలుగు మిషనుకు ఆ పేరే నిలిచింది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారే వేళ ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. ఒకరు లైమన్ జూవెట్ అనే మిషనెరీ, మరొకరు ఆయన భార్య. మిగిలిన ముగ్గురూ వారితో ప్రయాణం చేస్తున్న తెలుగు క్రైస్తవులు. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఒంగోలుకు ఒక దైవసేవకుని పంపమని వారు ఒకరి తర్వాత ఒకరు మోకరించి ప్రార్థించారు. ఆ మరుసటి ఏడు ఎవరూ రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. 1862లో ఈ మిషను మూసివేయాలన్న మాట మళ్ళీ లేచింది. అప్పుడు స్వదేశంలో ఉన్న జూవెట్, మీరు పంపకపోయినా నేను తెలుగువారి మధ్యకు తిరిగి వెళ్ళి అక్కడే బ్రతికి అక్కడే చనిపోతానని చెప్పారు. ఆ మాటతో మిషను నిలిచింది. 1865లో జాన్ క్లౌ అనే యువ మిషనెరీ మన దేశానికి వచ్చి, 1866లో ఒంగోలు చేరారు. అప్పటికి కొండ మీది ప్రార్థనకు పన్నెండేళ్ళు దాటాయి. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

మరి మొదట విత్తిన శామ్యూల్ డే? ఆరోగ్యం చెడి 1853లో ఈ దేశం విడిచి వెళ్ళారు. 1871లో చనిపోయారు. మనం ఇప్పుడు చెప్పుకోబోయే గొప్ప కోతకు అది ఏడేళ్ళ ముందు. ఆయన దానిని కళ్ళారా చూడలేదు.

కొరింథు సంఘంలో కొందరు నేను పౌలువాడిని, నేను అపొల్లోవాడిని అని పార్టీలు కట్టినప్పుడు పౌలు రాసిన మాట మీకు తెలుసు. తాను నాటాననీ, అపొల్లో నీరు పోశాడనీ, పెరిగేలా చేసినవాడు దేవుడేననీ ఆయన చెప్పాడు (1 కొరింథీ 3:6–7). మన పల్లెల్లో ఈ సంగతి ఎవరూ వివరించనక్కర లేదు. ముసలివాడు గట్టు మీద తాటి టెంకలు పాతుతాడు. ఆ ముంజలు తాను తినలేడని అతనికి తెలుసు. అయినా పాతుతాడు. పొలం గట్టు మీద ఉన్న ఈ బుద్ధి మందిరంలోకి వచ్చేసరికి మనకు ఎందుకు తప్పిపోతుంది?

కొండ మీద నిలబడి వింటూ నేను మనసులో లెక్క వేసుకొన్నాను. పన్నెండేళ్ళు ఫలం కనబడకపోయినా వారి ప్రార్థన వ్యర్థం కాలేదు. ఒక రాతి మీద పేరు కనబడనందుకు నేను ఏడు వారాల్లో సేవ మానేశాను.

ఇద్దరికీ ఒకే భాగం

క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తలో ఆ ఊరి పెద్ద కులాలవారు ఆయనను ఆదరించారు. తమ పిల్లలను ఆయన బడికి పంపారు. ఇంతలో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వర్తకుడు సువార్త విని నమ్మాడు. ఆయన మాదిగ కుటుంబంవాడు. 1866లో జూవెట్ ఆయనకు బాప్తిస్మం ఇచ్చారు. పేరయ్య ఊరకుండలేదు. తనవారి ఇళ్ళకు వెళ్ళి తాను విన్నది చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళినప్పుడు, అప్పటికే సిద్ధపడి ఉన్న 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ విత్తనం చల్లిన చేయి ఎవరిదో గమనించండి.

అప్పుడు చిక్కు వచ్చింది. వీళ్ళను చేర్చుకొంటే మేము రాము, మా పిల్లలూ మీ బడికి రారు అని పెద్ద కులాలవారు తేల్చి చెప్పారు. ఎటు పోవాలి? ఊరిలో పేరున్నవారు వస్తే మిషనుకు గౌరవం. వీళ్ళను కాదంటే మాత్రం ప్రభువు చేర్చుకొన్నవారిని తాను తోసివేసినట్టు. ఆ వేదనలో క్లౌ బైబిలు తెరిచారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి భాగం ఎదురైంది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య కూడా తనంతట తాను బైబిలు తెరిస్తే అదే భాగం ఎదురైందని క్లౌ తన జ్ఞాపకాలలో చెప్పారు. ఇద్దరూ దానిని దేవుని జవాబుగా తీసుకొన్నారు. పేదలను చేర్చుకొన్నారు. పెద్ద కులాల పిల్లలు బడి విడిచి వెళ్ళిపోయారు.

ఆ భాగం ఏమి చెబుతున్నది? పిలువబడినవారిలో లోకం లెక్కలో జ్ఞానులు, బలవంతులు, గొప్ప వంశాలవారు ఎక్కువమంది లేరని చెబుతున్నది. లోకం నీచంగా చూసి తోసివేసినవారిని దేవుడు కోరి ఏర్పరచుకొన్నాడని చెబుతున్నది. ఎందుకు? ఏ మనిషీ దేవుని ఎదుట తన గొప్ప చెప్పుకోకుండా ఉండడానికి. ఎవరైనా గొప్ప చెప్పుకోవాలంటే ప్రభువును బట్టే చెప్పుకోవాలి. తోసివేయబడినవారికి తల ఎత్తే ధైర్యం, ఎత్తిన తలకు గర్వం పట్టకుండా కాపుదల, రెండూ ఈ ఒక్క భాగంలోనే ఉన్నాయి.

కాలువ గట్టున, ఏటి ఒడ్డున

1876 నుంచి 1878 వరకు మన ప్రాంతాలను ఘోరమైన కరువు పీడించింది. పనిలేక, తిండిలేక జనం మలమల మాడిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు తీసుకొన్నారు. సంఘ బోధకులే ఆ పనికి మేస్త్రీలుగా నిలబడ్డారు. పగలు పలుగు, పార, తట్ట. విశ్రాంతి వేళ దేవుని మాట. వేలమంది విన్నారు. అనేకులు బాప్తిస్మం కోరారు.

ఇక్కడ క్లౌ చేసిన పని నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. కరువు తీవ్రంగా ఉన్నంతకాలం, సుమారు పదిహేను నెలలు, ఆయన బాప్తిస్మాలు ఆపివేశారు. అన్నం కోసం వచ్చేవారు ఎవరో, ప్రభువు కోసం వచ్చేవారు ఎవరో తెలియాలని ఆగారు. అన్ని వేల బాప్తిస్మాల లెక్క స్వదేశానికి రాసి పంపితే ఎంత పేరు వచ్చేదో ఊహించండి. దానికి ఆయన చెయ్యి చాపలేదు. గిద్యోను వెంట ఉన్న జనం మరీ ఎక్కువైతే, తమ బాహుబలమే తమను రక్షించిందని వారు అతిశయపడతారని దేవుడు వారిని తగ్గించాడు గదా (న్యాయాధి. 7:2). లెక్క పెరగడం దేవుని మహిమ కావచ్చు. మన అతిశయమూ కావచ్చు. తేడా తెలియాలంటే కొంతకాలం ఆగి చూడాలి.

కాలువ పని ముగిసింది. ఇక డబ్బు సహాయం లేదని ఆయన స్పష్టంగా చెప్పారు. అయినా జనం వచ్చారు. మాకు సొమ్ము వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. ఒంగోలుకు సుమారు పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర వారిని సమకూర్చారు. 1878 జూలై 2న 614 మంది బాప్తిస్మం పొందారు. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది. ఆ సంవత్సరం ముగిసేసరికి ఆ లెక్క 9,606కు చేరింది.

జూలై 3వ తేదీని గురించి మన సభల్లో ఎన్నోసార్లు చెప్పుకొంటాం. ‘క్లౌ దొరగారు ఒక్క రోజులో రెండువేల రెండువందల ఇరవైరెండు మందికి బాప్తిస్మం ఇచ్చారు’ అంటాం. నేనూ సండే స్కూలులో పిల్లలకు అలాగే చెప్పాను. అది నిజం కాదు. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఏటిలో నిలబడి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు బోధకులు. ఒక్కో విడతకు ఇద్దరు దిగేవారు. వారు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. ఉదయం సుమారు ఆరు గంటలకు ఆరంభించి, పదకొండింటికి ఆపి, మళ్ళీ రెండు గంటలకు మొదలుపెట్టి, ఐదు గంటల వేళకు ముగించారు.

కొండ మీద పెద్ద పాస్టరుగారు ఈ మాట చెప్పి, మా యువకులను అడిగారు: “ఆ ఆరుగురి పేర్లు మీలో ఎవరికైనా తెలుసా, బాబూ?” ఎవరమూ మాట్లాడలేదు. “పరవాలేదు,” అన్నారాయన. “వాళ్ళ చేతుల్లో నుంచి నీళ్ళలోకి దిగి లేచినవాళ్ళ మునిమనుమలే మీలో కొందరై ఉంటారు.”

నా కళ్ళ ముందు మా మందిరం రాయి కనబడింది. దాని మీద ఎందరి పేర్లు లేవో ఆ క్షణంలోనే నాకు మొదటిసారి తట్టింది.

తగ్గించుకోవడం వేరు, అణచబడడం వేరు

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పుకోవాలి. దీనత్వం అనగానే మన పల్లెల్లో కొందరికి గుండె కలుక్కుమంటుంది. మన తాతలు ఊరిలోకి వెళ్తే చెప్పులు చేత పట్టుకొని నడిచారు. పెద్ద ఇళ్ళ ముందు నిలబడి దోసిలిలో నీళ్ళు పోయించుకొని తాగారు. అది దీనత్వం కాదు. అది మనుషులు మనుషులకు చేసిన అవమానం. ప్రభువు దానిని మెచ్చలేదు. దాని నుంచి లేవనెత్తడానికే వచ్చాడు.

యోహాను సువార్త 13వ అధ్యాయం చూడండి. శిష్యుల పాదాలు కడగడానికి ముందు యేసు మనసులో ఏముందో అక్కడ రాసి ఉంది. తాను దేవుని యొద్ద నుంచి వచ్చాడనీ, దేవుని యొద్దకే వెళ్తున్నాడనీ, తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడనీ ఆయనకు తెలుసు. తెలిసే లేచి, తువ్వాలు నడుముకు కట్టుకొన్నాడు. తాను ఎవరో తెలిసినవాడే నిజంగా తగ్గించుకోగలడు. ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం చెప్పేదీ అదే. ఎవరూ ఆయనను బలవంతం చెయ్యలేదు. ఆయనే తన్ను తాను తగ్గించుకొన్నాడు.

అందుచేత కోడలు నోరెత్తకుండా చెయ్యడానికి, కూలివాడు న్యాయమైన కూలి అడగకుండా చెయ్యడానికి, ‘తగ్గించుకో అని వాక్యంలో ఉంది గదా’ అనకండి. ఆ వాక్యం ఎదుటివాడి మెడకు కట్టే తాడు కాదు, మన నడుముకు కట్టుకొనే తువ్వాలు.

అలాగే దొంగ దీనత్వం ఒకటి ఉంది. ‘నేనేపాటివాణ్ణండీ’ అని, ‘అయ్యో, మీరు కాకపోతే ఇంకెవరండీ’ అని ఎదుటివారు అనేవరకు ఎదురుచూడడం. నేను ఏ పనికీ రానని చెప్పుకోవడం దీనత్వం కాదు. దేవుడిచ్చిన వరం దేవుడిచ్చిందని ఒప్పుకొని, దానితో పని చెయ్యడమే దీనత్వం.

మన ఇళ్ళలో, మన సంఘాల్లో

ఇవన్నీ పాత చరిత్రగా విని ఊరుకొంటే లాభం లేదు. రోజూ మన ముందుకు వచ్చే కొన్ని సందర్భాలు చూద్దాం.

సాక్ష్యం చెప్పేటప్పుడు: అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. కోతల పండుగనాడు సాక్ష్యం చెప్పడానికి లేచాం. పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు మా అబ్బాయి తెలివి, మేము పడ్డ కష్టం, చివర ఒక్క నిమిషం ‘దేవునికి మహిమ’. వెనుక చాప మీద, ఇద్దరు చదువుకొన్న పిల్లలు ఇంట్లో ఖాళీగా ఉన్న ఒక తల్లి కూర్చొని ఉంటుంది. మన సాక్ష్యం విని ఆమె ప్రభువు దగ్గరకు వచ్చేలా ఉండాలి గాని, ప్రభువు తనను మరచాడని ఏడ్చేలా ఉండకూడదు.

కానుక ఇచ్చేటప్పుడు: మన మంచి పనులు మనుషులు చూసి తండ్రిని మహిమపరచాలని ప్రభువు ఒకచోట చెప్పాడు (మత్తయి 5:16). మనుషులకు కనబడాలని ధర్మం చెయ్యవద్దని మరోచోట చెప్పాడు (మత్తయి 6:1–4). ఇవి ఒకదానికొకటి విరోధం కాదు. పని కనబడవచ్చు. చూసినవారి కళ్ళు చివరికి ఎవరి మీద నిలిచాయన్నదే ప్రశ్న. దీపం వెలిగించి గదిలో పెడితే అందరూ గదిలోని వస్తువులు చూస్తారు. దీపాన్ని ఎదుటివాడి ముఖానికి దగ్గరగా పెడితే అతనికి దీపం తప్ప ఏమీ కనబడదు, కళ్ళు కూడా మండుతాయి.

పొగడ్త వచ్చినప్పుడు: జనం హేరోదును దేవుడన్నారు. అతడు కాదనలేదు. దేవునికి మహిమ ఇవ్వనందున అక్కడే పడిపోయాడు (అపొ.కా. 12:21–23). లుస్త్రలో జనం బర్నబా పౌలులను దేవతలన్నారు. వారు బట్టలు చించుకొని జనంలోకి పరుగెత్తి, మేమూ మీలాంటి మనుషులమేనని చెప్పారు (అపొ.కా. 14:11–15). పొగడ్త రెండుచోట్లా ఒకటే. ఒకడు ఉంచుకొన్నాడు, ఇద్దరు తిప్పి పంపారు. ఎవరైనా మనలను మెచ్చుకొంటే ముఖం చిట్లించుకోనక్కర లేదు. సంతోషంగా విని, ఆ రాత్రి మోకాళ్ళ మీద దానిని ఎవరిదో వారికి అప్పగిస్తే చాలు.

పని అప్పగించేటప్పుడు: ఇరవై ఏళ్ళు కోశాధికారిగా ఉన్నవాడు తాళాలు ఇవ్వడానికి ఎందుకు బాధపడతాడు? గాయక బృందంలో తన శిష్యురాలు తనకన్నా బాగా పాడితే పాత గాయకురాలికి ఆ ఆదివారమే గొంతు ఎందుకు నొప్పి చేస్తుంది? తాను తగ్గాలి, ఆయన హెచ్చాలి అని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది (యోహాను 3:30) జనం తనను విడిచి మరొకరి వెంట వెళ్తున్న రోజున. మన చేతిలో పని మరొకరి చేతిలో పెరిగితే సంతోషించగలమా? నిజమైన పరీక్ష ఇదే.

ఇంట్లో: సంఘంలో దీనులై, గడప దాటి లోపలికి రాగానే ప్రభువులమయ్యేవారు ఉన్నారు. పొరపాటున పిల్లవాడిని కొట్టిన తండ్రి, ‘నాదే తప్పు, నాన్నా’ అని చెప్పగలిగిన రోజున ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన కొత్తగా మొదలవుతుంది.

రాయి అలాగే ఉంది

ఒంగోలు నుంచి వచ్చిన ఆదివారం నేను మందిరానికి వెళ్ళాను. పిల్లలు ఏమీ అడగలేదు. చాప మీద నాకు చోటిచ్చి కూర్చొన్నారు. ముందుగా వారికి గుండ్లకమ్మ సంగతి సరిదిద్ది చెప్పాను. ఆరాధన తర్వాత సంఘ పెద్దల దగ్గరకు వెళ్ళి, ఇన్ని వారాలు రాకపోవడానికి కారణం తలనొప్పి కాదు, కోపం అని ఒప్పుకొన్నాను. వారిలో ఒకాయన తల పట్టుకొన్నాడు. రాయి చెక్కేవాడికి హడావుడిగా రాసిచ్చిన కాగితంలో నా పేరు జారిపోయిందట. రెండు రోజుల తర్వాత గాని ఎవరూ గమనించలేదట. నేను మందిరానికి రావడం మానడంతో నాతో చెప్పడానికి మొహమాటపడ్డారట. “ఇప్పుడైనా కింద చోటుంది, చెక్కిస్తాం మాస్టారూ,” అన్నాడు.

“అక్కరలేదండీ,” అన్నాను. అని, ‘ఎంత గొప్పగా వద్దన్నానో’ అని లోలోపల కొంచెం మురిసిపోయాను కూడా. గర్వం ఎంత జిగటగా ఉంటుందో చూడండి. గుమ్మంలో నుంచి వెళ్ళగొడితే కిటికీలో నుంచి తొంగి చూస్తుంది. అందుకే దీనత్వం ఒకసారి నేర్చుకొని ముగించే పాఠం కాదు. పొలంలో కలుపు తీసినట్టు ప్రతి కారులోనూ తియ్యవలసిందే.

మా అమ్మ కన్నుమూసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మందిరంలో బల్లలు వచ్చాయి, చాపలు దులిపే పని లేదు. కిందటి ఏడు సండే స్కూలులో ఒక చిన్నవాడు ఆ రాయి మీది పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కొని చదివి, ‘తాతగారూ, మందిరం మీరే కట్టించారని మా నాయనమ్మ చెప్పింది. మరి మీ పేరేదీ?’ అని అడిగాడు.

నేను వాణ్ణి లోపలికి తీసుకువెళ్ళాను. మా అమ్మ కుండ పెట్టే మూల చూపించాను. మేస్త్రీలకు ఆమె నీళ్ళు మోసిన సంగతి చెప్పాను. ‘ఆమె పేరూ రాయి మీద లేదు’ అన్నాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, ‘మరి దేవుడికి ఎలా తెలుస్తుంది?’ అన్నాడు. ఆ వారం మా పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాము.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

1. మన ఇంట్లో ఎవరూ చూడకుండా రోజూ జరిగే సేవ ఏది? దానిని చేసేవారికి మనం ఎప్పుడైనా కృతజ్ఞత చెప్పామా?

2. మనం నాటిన పనిలో వేరొకరు పంట కోసినప్పుడు మన మనసు ఎలా ఉంది?

3. ఎవరి మీదనైనా ‘నా పేరు చెప్పలేదు’ అన్న కోపం మిగిలి ఉందా? ఈ వారం వెళ్ళి మాట్లాడవలసినవారు ఎవరు?

ప్రార్థన: తండ్రీ, మా చేతులతో ఏ మంచి జరిగినా అది నీవు మాకిచ్చిన చేతుల వల్లనే జరిగింది. మా పేరు కోసం మేము చేసిన లెక్కలను క్షమించు. మాకు ముందు విత్తి, ఫలం చూడకుండా వెళ్ళిపోయినవారిని బట్టి నీకు స్తోత్రాలు. మేము విత్తినది మరొకరు కోసినా సంతోషించే మనసు దయచెయ్యి. మా ఇంట్లోనూ, మా సంఘంలోనూ నీ నామమే ఘనపరచబడును గాక. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.